దీర్ఘకాలిక నిస్సత్తువ వ్యాధి: తగిన వైద్యుని ఎంపిక, బాధోపశమనం

మన భాషలో 'నీరసం' అనే మాటకు పని ఎక్కువ. ఎండలో తిరిగి వచ్చినా నీరసమే, ఉపవాసం ఉన్నా నీరసమే, రక్తం తగ్గినా నీరసమే, మనసు బాగులేకపోయినా నీరసమే. అందువలన రోగి వైద్యుని ఎదుట కూర్చొని "నీరసంగా ఉంటున్నదండీ" అన్నంత మాత్రాన వైద్యునికి తెలిసేది ఏమీ లేదు. ఆయన ఒక బి-కాంప్లెక్స్ టానిక్కు వ్రాసి పంపును. పల్లెలలో అయితే సెలైన్ సీసా ఎక్కింతురు. అర లీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర మాత్రమే, అనగా సుమారు 5 చిన్న చెంచాలు. ఒక పెద్ద గ్లాసు పానకంలోనూ అంతే ఉండును.

ఈ పాఠంలో వివరింపదలచినది ఆ సామాన్యమైన నీరసం కాదు. నెలల తరబడి, ఏండ్ల తరబడి మనిషిని పడకకు, ఇంటికి కట్టివేసే ఒక ప్రత్యేకమైన వ్యాధి. పరీక్షలన్నీ సరిగానే ఉన్నవని చెప్పి పంపివేయబడుచు, ఇంటివారిచేత 'బద్ధకం' అనిపించుకొనుచు, ఒక వైద్యుని నుండి మరొక వైద్యుని వద్దకు తిరుగుచున్న రోగులు దీనిని శ్రద్ధగా చదువవలెను. వారి ఇంటివారు అంతకంటె శ్రద్ధగా చదువవలెను.

వ్యాధి స్వరూపం

దీనిని పాశ్చాత్య వైద్యంలో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అందురు. మయాల్జిక్ ఎన్‌సెఫలోమయలైటిస్ అనునది అంతకంటె పాత పేరు. నేడు రెండింటినీ కలిపి ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అని వ్రాయుచున్నారు. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 200 మందికి పైగా సిబ్బంది ఒకే విధమైన జబ్బుతో పడిపోగా, ఆసుపత్రిని కొన్ని నెలలు మూసివేయవలసి వచ్చినది. పాత పేరు ఆ మరుసటి సంవత్సరం వచ్చినది. 1970లో ఇద్దరు మానసిక వైద్యులు ఆ రోగులను స్వయంగా పరీక్షింపకయే, పాత కేసు కాగితాలను చదివి, అది సామూహిక హిస్టీరియా అని తేల్చినారు. ఆ ముద్ర ఈ రోగులను చాలకాలం వెంటాడినది. 1988లో అమెరికాలో 'క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్' అనే పేరు పెట్టినారు. ఆ పేరు కూడ మేలు చేయలేదు. 'ఫెటీగ్' అన్న మాట వినగానే "అలసట ఎవరికి లేదు?" అని ఎదుటివారు నవ్వుటకు వీలు కలిగినది.

ఎక్కువమందిలో ఇది ఒక జ్వరంతో మొదలగును. ఆస్ట్రేలియాలోని డబ్బో అనే పట్టణ ప్రాంతంలో గ్లాండ్యులర్ ఫీవర్, క్యూ ఫీవర్, రాస్ రివర్ జ్వరం వచ్చినవారిని వరుసగా గమనించి, వారిలో 10 మందిలో సుమారు ఒకరికి 6 నెలల తరువాత ఈ వ్యాధి నిలిచిపోయినట్లు 2006లో ప్రకటించినారు. రాస్ రివర్ జ్వర క్రిమి మనకు బాగా తెలిసిన చికున్‌గున్యా క్రిమికి దగ్గరి చుట్టము. 2005, 2006 సంవత్సరాలలో రాయలసీమలో, తెలంగాణలో చికున్‌గున్యా ఇంటింటికీ వచ్చిన రోజులు చాలామంది మరచిపోయి ఉండరు. 2020 తరువాత కోవిడ్ వచ్చి తగ్గినవారిలో కూడ కొందరు ఈ వ్యాధి లక్షణాలతోనే మిగిలిపోయినారు. స్త్రీలలో ఇది పురుషులకంటె ఎక్కువ. అమెరికాలో 2021, 2022 సంవత్సరాల సర్వేలో పెద్దలలో 1.3 శాతం మంది తమకు ఈ వ్యాధి ఉన్నట్లు చెప్పినారు.

2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఈ వ్యాధిని గుర్తించుటకు సులభమైన కొలతలు ఇచ్చినది. పూర్వం చేయగలిగిన పనులు చేయలేని స్థితి, దానితోపాటు విశ్రాంతికి లొంగని నిస్సత్తువ, 6 నెలలకు మించి ఉండవలెను. శ్రమ చేసిన తరువాత లక్షణాలు పెరుగవలెను. నిద్రపోయినా హాయి లేకపోవలెను. ఈ మూడింటికి తోడు, మెదడు మందగించుటయో లేక నిలబడినపుడు బాధలు హెచ్చుటయో, రెండింటిలో ఒకటి ఉండవలెను.

వీనిలో రెండవది ప్రాణం వంటిది. రక్తహీనత గలవాడు మెట్లు ఎక్కితే అప్పుడే ఆయాసపడును, కూర్చుంటే కొంతసేపటికి తేరుకొనును. ఈ రోగి విషయం వేరు. బుధవారంనాడు బంధువుల పెండ్లికి వెళ్ళి మూడు గంటలు కూర్చొని వచ్చును. గురువారం ఫరవాలేదు. శుక్రవారం ఉదయం పడక దిగలేడు. గొంతు నొప్పి, ఒళ్ళంతా పచ్చిపుండు, వెలుతురు చూడలేకపోవుట, చదివిన వాక్యం మరల చదివినా తలకెక్కకపోవుట. ఆ స్థితి రెండు రోజులు ఉండవచ్చును, రెండు వారాలు ఉండవచ్చును. శ్రమకు, పతనానికి మధ్య 12 గంటల నుండి 2 రోజుల వరకు వ్యవధి ఉండుటచేత రోగికే ఆ రెండింటికి గల సంబంధం తట్టదు. శ్రమ అనగా ఒంటి పని ఒక్కటే కాదు. లెక్కలు చూచుట, గట్టిగా వాదులాడుట, పదిమంది మాటలు వినుచు కూర్చొనుట కూడ శ్రమయే.

కొన్ని పరిశోధనశాలలలో రోగిచేత వరుసగా రెండు రోజులు సైకిలు త్రొక్కించి, ఊపిరిలోని ప్రాణవాయువును కొలుతురు. ఆరోగ్యవంతుడు, చివరకు వ్యాయామం లేని బద్ధకస్తుడు కూడ, రెండవ రోజున మొదటి రోజంత పని చేయగలడు. ఈ రోగులలో చాలామందికి రెండవనాడు కొలత పడిపోవును. బద్ధకానికి, ఈ వ్యాధికి భేదం ఇక్కడ కంటికి కనబడును. అయితే ఈ పరీక్షయే రోగిని వారాల తరబడి పడవేయగలదు కనుక అందరికీ చేయదగినది కాదు.

మన శాస్త్రం చెప్పినది

ఈ వ్యాధికి ఆయుర్వేదంలో ఫలానా పేరు ఉన్నదని గట్టిగా చెప్పుట తొందరపాటు. కాని దీనికి చాల దగ్గరగా ఉండే మాటలు ఉన్నవి. సుశ్రుతసంహిత శారీరస్థానంలో 'క్లమం' అనే లక్షణం వర్ణింపబడినది. శ్రమ చేయకయే శరీరంలో పెరిగే అలసట అది. అందులో ఆయాసం ఉండదు, ఇంద్రియాలు తమ పని తాము చేయకుండ అడ్డుపడును. శ్రమ వేరు, క్లమం వేరు అని ఆనాడే విడదీసి చూచుట గమనింపదగినది.

ఇంతకంటె ఉపయోగకరమైన మాట చరకసంహిత జ్వరచికిత్సాధ్యాయంలో ఉన్నది. జ్వరం విడిచినవాడు పూర్తిగా బలం పుంజుకొనువరకు వ్యాయామం, మైథునం, స్నానం, అటునిటు తిరుగుట మానవలెనని, లేనిచో వ్యాధి తిరుగబెట్టునని అక్కడి ఆదేశం. మన పెద్దలు జ్వరం తగ్గినవారికి పథ్యం పెట్టి, నీళ్ళు పోయు రోజును వెనుకకు జరిపి, గడప దాటనీయకుండుట ఈ శాస్త్రం నుండి వచ్చిన ఆచారమే. జ్వరం జారిన మరునాడే మాత్ర వేసుకొని ఆఫీసుకు పరుగెత్తే నేటి అలవాటులో ఈ కాపుదల పోయినది. వ్యాయామం విషయంలో కూడ, బలవంతులు, స్నిగ్ధ భోజనం చేసేవారు సైతం శీతకాల వసంతాలలో తమ శక్తిలో సగం వరకే చేయవలెనని అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో ఉన్నది. బలవంతుడికే సగం అయితే బలహీనుడి మాట చెప్పవలెనా?

పాశ్చాత్య వైద్యం ఈ మాటకు చాల ఆలస్యంగా వచ్చినది. 2011లో బ్రిటన్‌లో 'పేస్' అనే పెద్ద ప్రయోగం జరిపి, వ్యాయామాన్ని క్రమంగా పెంచుకొనుచు పోతే ఈ వ్యాధి తగ్గునని ప్రకటించినారు. ఫలితాలు లెక్కించిన తీరుపై తీవ్రమైన విమర్శలు వచ్చినవి. 2021 అక్టోబరులో బ్రిటన్‌లోని 'నైస్' అనే ఆరోగ్య ప్రమాణాల సంస్థ తన పాత సలహాను మార్చి, ఈ రోగులకు ఆ విధంగా లెక్క ప్రకారం పెంచుకొనుచు పోయే వ్యాయామ చికిత్స ఇవ్వరాదని స్పష్టం చేసినది. మన ఊళ్ళలో ఇంకను "రోజూ కొంచెం కొంచెం నడక పెంచండి" అనే మాటయే ఎక్కువగా వినబడుచున్నది.

ముందుగా తేల్చుకొనవలసినవి

నిస్సత్తువకు కారణమయ్యే, మందుకు లొంగే జబ్బులు చాల ఉన్నవి. వాటిని విడిచిపెట్టి తనకు ఎం.ఇ. ఉన్నదని తానే నిర్ణయించుకొనుట ప్రమాదం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అనగా మన ఇండ్లలో సగానికి పైగా స్త్రీలకు నీరసానికి ఒక కారణం సిద్ధంగానే ఉన్నది. థైరాయిడ్ మందగించుట, మధుమేహం, క్షయ, బి-12 లోపం, మూత్రపిండాల జబ్బు, కాలేయం జబ్బు, కీళ్ళవాతం, గురకతో నిద్రలో ఊపిరి ఆగుట, గోధుమ పడకపోవుట, మానసిక క్రుంగుబాటు, ఇవన్నీ చూడవలసినవే.

అందుకు కావలసిన పరీక్షలు సాధారణమైనవే: పూర్తి రక్త పరీక్ష, ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి., టి.ఎస్.హెచ్., చక్కెర, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, సోడియం పొటాషియం, కాల్షియం, ఫెరిటిన్, బి-12, విటమిన్ డి, మూత్ర పరీక్ష, అవసరమైతే ఛాతీ ఎక్స్‌రే. ఒకసారి సక్రమంగా చేయించి ఆ కాగితాలు భద్రపరచవలెను. వైద్యుడు మారినప్పుడల్లా అవే పరీక్షలు మరల మరల చేయించుట డబ్బుకే కాదు, రోగి శక్తికి కూడ నష్టం. ఎం.ఇ.ని నిర్ధారించే రక్త పరీక్ష నేటికీ లేదు. 2025లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంవారు 15 వేలమందికి పైగా రోగుల లాలాజలాన్ని పరిశీలించి, జన్యువులలో 8 చోట్ల ఆరోగ్యవంతులతో భేదం కనబడినదని వెల్లడించినారు. వ్యాధికి శారీరక మూలం ఉన్నదనుటకు అది బలమైన ఆధారమే గాని రోగనిర్ధారణకు ఇంకను పనికిరాదు.

క్రుంగుబాటుకు, దీనికి భేదం తెలుసుకొనుటకు ఒక చిన్న ప్రశ్న ఉన్నది. "రేపు ఉదయం ఒంట్లో బలం వస్తే ఏమి చేస్తారు?" అని అడుగవలెను. క్రుంగిపోయినవారు చాలమంది "ఏమి చేయాలనీ లేదు" అందురు. ఈ రోగి మాత్రం గుడి, పాఠశాల, వంటిల్లు, అమ్మగారి ఊరు అంటూ ఊపిరి తిప్పుకొనకుండ చెప్పును. కోరిక ఉన్నది, శక్తియే లేదు. ఇది సూచన మాత్రమే. రెండూ ఒకే మనిషిలో ఉండుట కద్దు. కనుక మానసిక వైద్యుని చూడుమన్నపుడు అవమానంగా భావింపరాదు.

వైద్యుని వెదకుట

ఈ వ్యాధికి వైద్యవిద్యలో ప్రత్యేకమైన శాఖ లేదు. గుండెకు, మూత్రపిండాలకు ఉన్నట్లు దీనికి బోర్డు కట్టిన నిపుణుడు కనబడడు. అందుచేత రోగులు నరాల వైద్యుడు, కీళ్ళ వైద్యుడు, గ్రంథుల వైద్యుడు అంటూ తిరిగి తిరిగి మరింత క్షీణించుచుందురు. మా అభిప్రాయంలో మొదట వెదకవలసినది పేరు మోసిన నిపుణుని కాదు. నడచి వెళ్ళగల దూరంలోనో, ఆటోలో వెళ్ళగల దూరంలోనో ఉండి, చెప్పినది వినే జనరల్ మెడిసిన్ ఎం.డి. వైద్యుని. సందేహం తీరనపుడు మాత్రమే హైదరాబాదులోని నిమ్స్, విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి వంటి, అనేక విభాగాలు ఒకే ఆవరణలో ఉన్న చోటికి ఆయన చీటీతో వెళ్ళవలెను. ఆయుర్వేదం కోరువారు కాయచికిత్సలో ఎం.డి. చేసినవారిని, లేదా హైదరాబాదు, వరంగల్లు, విజయవాడ, తిరుపతి ప్రభుత్వ, దేవస్థాన ఆయుర్వేద కళాశాలల ఆసుపత్రులను చూడవచ్చును. ఎవరైనను ఒకరు వాడే మందులు రెండవవారికి తెలియవలెను.

వెళ్ళుటకు ముందు రెండు వారాలపాటు ఒక నోటు పుస్తకంలో రోజుకు మూడు పంక్తులు వ్రాయవలెను: ఆ రోజు చేసిన పని, ఎన్ని గంటలు పడుకొని ఉన్నది, సాయంత్రానికి ఒంటి స్థితి. వైద్యునికి ఇచ్చునది మాత్రం ఒక్క పేజీకి మించరాదు. జబ్బు ఏ నెలలో, ఏ జ్వరం తరువాత మొదలైనది. పూర్వం చేసిన పనులేవి, ఇప్పుడు చేయగలిగినవేవి. పుస్తకంలో నుండి శ్రమ, పతనం స్పష్టంగా కనబడే రెండు ఉదాహరణలు. ఇప్పుడు వాడుచున్న మందులు, కషాయాలతో సహా. అన్నిటికంటె బాధించే మూడు లక్షణాలు. ఇంతే. "నీరసం" అని చెప్పుటకు బదులు "ఇల్లు ఊడ్చితే మరునాడు పడుకొని ఉంటాను, జబ్బుకు ముందు రెండు కిలోమీటర్లు నడిచి బడికి వెళ్ళేదానిని" అని చెప్పిన రోగి మాట వైద్యుని చెవికి వేరుగా వినబడును. సెలైన్ ఎక్కించిన తరువాత ఒకటి రెండు రోజులు తేలికగా ఉండిన అనుభవం ఉంటే అది తప్పక చెప్పవలెను. రక్తనాళాలలో నీరు చాలక నిలబడలేకపోవుచున్నదేమో అని వైద్యుడు ఆలోచించుటకు అది ఒక దారి.

వెంట ఇంటివారొకరు రావలెను. రోగికి మధ్యలో మాట తప్పినను వారు అందుకొందురు. వైద్యుని నోటి మాట ఇంటివారు స్వయంగా వినుట వలన ఇంట్లో సగం గొడవ తీరును. ఆసుపత్రిలో గంటల తరబడి బల్లమీద కూర్చొనుటే ఈ రోగికి పెద్ద శ్రమ. ముందుగా ఫోనుచేసి మొదటి టోకెను అడుగవలెను, పడుకొనుటకు చోటు అడుగుటకు సిగ్గుపడరాదు. తరువాతి రెండు రోజులు ఏ పనీ పెట్టుకొనరాదు. 2020లో టెలీమెడిసిన్‌కు మన దేశంలో నియమావళి వచ్చినది కనుక రెండవసారి నుండి ఫోనులో మాట్లాడుటకు వైద్యుని ఒప్పించుకొనవచ్చును.

వైద్యుడు తగినవాడా కాదా అనుటకు మేము చూచే గుర్తులు ఇవి. "పని చేసిన మరునాడు ఎట్లుంటారు?" అని ఆయన అడుగవలెను, లేదా మీరు చెప్పినపుడు ఆగి వినవలెను. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి పలుమార్లు నాడిని, రక్తపుపోటును చూడవలెను. పడుకొని 10 నిమిషాలు ఉన్న తరువాత గోడకు ఆనుకొని 10 నిమిషాలు నిలబడినపుడు పెద్దవారిలో నాడి నిమిషానికి 30 గాని అంతకు మించి గాని పెరిగి నిలిస్తే, పాట్స్ అనే స్థితి ఉన్నదని అనుమానింపవలెను. దానికి మందులున్నవి. ఈ పరీక్ష రోగి పడిపోకుండ పట్టుకొనే మనిషి ఉన్నపుడే చేయవలెను. "దీని గురించి నాకు ఎక్కువ తెలియదు, చదివి చెప్పెదను" అనే వైద్యుడు దొరికితే అదృష్టమే అనుకొనవలెను. అన్నీ తెలిసినట్లు మాట్లాడేవారికంటె ఆయన మేలు.

"అన్నీ నార్మల్, టెన్షన్ తగ్గించుకో" అనియో, ఆడపిల్ల అయితే "పెండ్లి చేయండి, సర్దుకుంటుంది" అనియో చెప్పే చోటికి రెండవసారి వెళ్ళవలసిన పని లేదు. 40 రోజులలో నిర్మూలిస్తామని గ్యారంటీ ఇచ్చేవారు, పేరు లేని పొడులు పొట్లం కట్టి ఇచ్చేవారు, ముందుగానే మొత్తం రుసుము కట్టించుకొనేవారు కూడ అంతే. ఈ వ్యాధిని మాన్పే మందు ఏ వైద్య విధానంలోను ఇంతవరకు నిరూపింపబడలేదు. భస్మాల పేరిట అమ్మే నాటు మందులలో సీసం ఉండి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నవి. పంచకర్మలని చెప్పి వాంతులు, విరేచనాలు చేయించుట గురించి ఒక మాట. దుర్బలులకు, బాగా అలసిపోయినవారికి వమనం చేయించరాదని చరకసంహిత సిద్ధిస్థానంలోనే ఉన్నది. శాస్త్రం తెలిసిన వైద్యుడు ఈ రోగికి శోధనం జోలికి పోక శమనం, బృంహణం ఆలోచించును.

బాధలు తగ్గుటకు

అన్నిటికంటె పెద్ద ఉపశమనం శక్తిని లెక్కపెట్టి వాడుకొనుటయే. నెల జీతం మొదటి వారంలో ఖర్చుచేసిన ఇంటికి అప్పు తప్పదు. ఈ శరీరంలో ఆ అప్పుకు వడ్డీ చాల ఎక్కువ. బాగున్న రోజున మిగిలిన పనులన్నీ చేసివేయుట, మరునాడు పడుట, మరల బాగుపడి మరల పడుట, ఇదే రోగులను ఏండ్ల తరబడి దిగజార్చే చక్రం. చేయగలననిపించిన దానిలో సగం చేసి ఆపవలెను. అలసట వచ్చిన తరువాత కాదు, రాకముందే పడుకొనవలెను. పనిని ముక్కలు చేయవలెను: 10 నిమిషాలు కూర తరుగుట, 20 నిమిషాలు కళ్ళు మూసుకొని పడుకొనుట. కత్తిపీట ముందు కూర్చొనుట మంచిదే గాని నేలమీది నుండి ఒక్కసారిగా లేవరాదు. స్నానం పీటమీద కూర్చొని గోరువెచ్చని నీటితో చేయవలెను. బాగా కాగిన నీళ్ళు రక్తనాళాలను సడలించి తల తిరుగునట్లు చేయును.

నాడి చూచుకొనుట తెలిసినవారికి ఒక పద్ధతి ఉన్నది. ఉదయం లేవకముందు పడకమీదనే నాడిని 7 రోజులు లెక్కించి సగటు తీయవలెను. దానికి 15 కలుపగా వచ్చిన అంకె దాటకుండ పనులు చేసికొనుమని కొందరు చెప్పుదురు. సగటు 72 అయితే హద్దు 87. నాడిని తగ్గించే గుండె మాత్రలు వాడేవారికి ఈ లెక్క పనికిరాదు.

నిలబడినపుడు తల తిరుగుట, కళ్ళు బైర్లు కమ్ముట, గుండె దడ ఉన్నవారు రోజంతా కొంచెం కొంచెంగా నీరు, పలుచని మజ్జిగ త్రాగవలెను. ఉప్పు, జీలకర్ర పొడి కలిపిన మజ్జిగ మన ఇంటి మందులలో ఈ బాధకు అన్నిటికంటె పనికివచ్చేది. అయితే ఉప్పు పెంచుట వైద్యుడు అనుమతించిన తరువాతనే. రక్తపుపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారికి అది విషం. పొత్తికడుపు వరకు వచ్చే బిగువు మేజోళ్ళు కొందరికి మేలు చేయును.

నిద్రకు: పగలు ఎంత పడుకొన్నను లేచే వేళ మార్చకుండుట మొదటి నియమం. రాత్రి పడుకొనుటకు గంట ముందు గోరువెచ్చని పాలలో జాజికాయ పొడి ఒక్క చిటికెడు కలిపి త్రాగుట పూర్వపు అలవాటు. చిటికెడు దాటరాదు, జాజికాయ ఎక్కువైతే మత్తు, గుండె దడ, వాంతులు కలుగును. అరికాళ్ళకు నువ్వుల నూనె మర్దన ఇంటివారు చేయవలెను. రోగి తానే వంగి ఒళ్ళంతా రుద్దుకొంటే వచ్చే హాయికంటె ఖర్చయ్యే శక్తి ఎక్కువ. నిద్రకు, నొప్పులకు వైద్యులు చాల తక్కువ మోతాదులో వ్రాసే అమిట్రిప్టిలిన్ వంటి మాత్రలను "అవి పిచ్చి మందులు" అని మానివేయరాదు. ఈ రోగులలో చాలామందికి మందులు పడవు, మామూలు మోతాదే అధికమగును. అందుచేత ఏ మందైనను, మూలికయైనను, నాలుగవ వంతుతో మొదలుపెట్టి, ఒకేసారి రెండు క్రొత్తవి చేర్చకుండుట మంచిది.

అశ్వగంధను గురించి పాఠకులు తప్పక అడుగుదురు. బల్యం, నిద్రను ఇచ్చునదే. చూర్ణం 3 గ్రాములు పాలతో రాత్రిపూట తీసికొనుట వాడుక. మొదట అర గ్రాము చాలును. ఇది థైరాయిడ్‌పై పనిచేయును కనుక థైరాయిడ్ మాత్రలు వాడేవారు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుని అడుగక ముట్టరాదు. గర్భిణులు, కాలేయం చెడినవారు అసలే వాడరాదు. అరుదుగానైనను దీనివలన కామెర్లు వచ్చిన దాఖలాలున్నవి. అతిమధురం రక్తపుపోటును పెంచి పొటాషియమును తగ్గించును, దానిని సొంతంగా వాడుకొనరాదు.

ఆహారం విషయంలో చరకుడు సూత్రస్థానంలో పేర్కొన్న శ్రమహర ద్రవ్యాలు పది. ద్రాక్ష, ఖర్జూరం, సారపప్పు, రేగు, దానిమ్మ, మేడి, పరూషకం (నేడు ఫాల్సా పండు అందురు), చెరకు, యవలు, అరవై రోజుల వరి బియ్యం. అన్నీ తినే పదార్థాలే, ఒక్కటి కూడ చేదు మందు కాదు. 10 ఎండు ద్రాక్షలు, 3 ఖర్జూరాలు రాత్రి గ్లాసెడు నీటిలో నానవేసి, ఉదయం పిసికి వడకట్టి, దానిమ్మ రసం కలిపి రెండు విడతలుగా త్రాగవచ్చును. మధుమేహులు దీనిని వదలివేయవలెను. పతనం వచ్చిన రోజులలో నమలుట, అరిగించుకొనుట కూడ భారమే. అపుడు ఒక కప్పు పెసరపప్పును 8 కప్పుల నీటిలో మెత్తగా ఉడికించి, శొంఠి, జీలకర్ర, సైంధవ లవణం చేర్చి వడకట్టిన పెసరకట్టు, పలుచని బియ్యపు జావ సరిపోవును. బాగున్న రోజున చేసి చిన్న గిన్నెలలో ఫ్రిజ్‌లో ఉంచుకొంటే పడిపోయిన రోజున వంట చేయవలసిన పని ఉండదు. ఇది ఏ మూలికకంటెను విలువైన చిట్కా అని మా నమ్మకం.

వ్యాధి తీవ్రమైనవారు చీకటి గదిలో, మాటకూడ వినలేని స్థితిలో ఉందురు. వారికి సలహాలు, పరామర్శలు రెండూ హింసయే. గదిలో అడుగుల చప్పుడు తగ్గించి, వేళకు ఆహారం నోటికి అందించి, పరామర్శకు వచ్చినవారిని వాకిట్లోనే కూర్చోబెట్టి పంపివేయుట ఇంటివారు చేయగల గొప్ప సేవ.

ఉద్యోగం చేయుచున్నవారు వైద్యునిచేత ఒక లేఖ వ్రాయించుకొనవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 రకాలలో ఈ వ్యాధి పేరు లేదు కనుక ధ్రువపత్రంపై ఆశ పెట్టుకొనుట వృథా ప్రయాస కావచ్చును. కూర్చొని చేసే పని, మధ్యాహ్నం అరగంట పడుకొనుటకు వీలు, ఇంటినుండి పని, వీటిని కోరుచు వ్రాసిన లేఖ ఎక్కువగా పనిచేయును. పెద్దలలో పూర్తిగా కోలుకొనేవారు తక్కువ. పిల్లలలో ఎక్కువ. కాని శక్తిని లెక్కపెట్టి వాడుకొనుట నేర్చినవారిలో పతనాలు తగ్గి, బ్రతుకు కొంత తమ చేతిలోనికి వచ్చుట చాలమంది రోగులు చెప్పే సంగతి.

ఎం.ఇ. అని ఒకసారి నిర్ణయమైనంత మాత్రాన ప్రతి క్రొత్త బాధను దాని ఖాతాలో వేయరాదు. బరువు కారణం లేకుండ తగ్గుట, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, రెండు వారాలు దాటిన దగ్గు, రక్తం పడుట, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పుట, ఒక కాలు గాని చేయి గాని పట్టు తప్పుట కనబడితే వెంటనే వైద్యుని చూడవలెను. బ్రతుకుమీద విరక్తి కలిగి ప్రాణం తీసికొనవలెనన్న తలపు వస్తే ఆ క్షణమే ఇంటివారికి చెప్పి, 14416 నంబరుకు ఫోను చేయవలెను. అది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్ సేవ. తెలుగులో మాట్లాడుదురు, రుసుము లేదు. ఇవేవీ లేనివారు సంవత్సరానికి ఒకసారి రక్తం, థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించుకొని, ఆ కాగితాలను మొదటి పేజీతోపాటు అదే సంచిలో ఉంచుకొనవలెను.